వసూలుకు వచ్చే పిల్లవాని జీతమెంత?

(చిత్తూరులో జరిగిన సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి ఇక్కడ విద్య గురించి, రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి పెద్దలు మాట్లాడినారు. నాకు అప్పుల వసూళ్ళ గురించి చెప్పమని అప్పగించినారు. దానిని నేను ఒక చిన్న ప్రశ్నగా మార్చుకొని వచ్చినాను. బ్యాంకుల తరఫున, ఫైనాన్సు సంస్థల తరఫున మన గడప ముందు వచ్చి నిలబడే పిల్లవానికి నెలకు జీతమెంత? ఆ జీతం అతనికి దేనికోసం ఇస్తున్నారు?

ఈ ప్రశ్న మీకు విచిత్రంగా తోచవచ్చు. వాడు వచ్చి అవమానిస్తుంటే వాడి జీతంతో మనకేమి పని అని అడుగవచ్చు. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి నేను. ఒక మనిషి ఎందుకట్లా ప్రవర్తిస్తున్నాడో తెలియనప్పుడు, అతని జీతం ఏ పద్దు క్రింద వస్తున్నదో చూడమని ఆ ఉద్యోగం నాకు నేర్పింది.

ఒక నెలాఖరు రాత్రి

మా వీధిలో కుట్టుమిషను మీద సంసారం నడుపుకొనే ఒక సోదరి ఉన్నది. భర్త చనిపోయి నాలుగేళ్ళయింది. కొత్త మిషను కోసం, పెద్ద కూతురి కళాశాల ఫీజు కోసం ఒక సంస్థలో 60,000 రూపాయలు అప్పు తీసుకున్నది. నెలకు కిస్తు 2,900. రంజాను మాసం వరకు ఒక్క కిస్తు కూడా తప్పలేదు. పండుగ తరువాత కుట్టుపని తగ్గింది. అదే సమయంలో జ్వరంతో మూడు వారాలు మంచం పట్టింది. రెండు కిస్తులు నిలిచిపోయినాయి.

ఒకనాడు ఇషా నమాజుకు బయలుదేరినాను. ఆమె ఇంటి ముందు మోటారు సైకిలు నిలిపి, ఒక పిల్లవాడు గట్టిగా మాట్లాడుతున్నాడు. "ఈదుకు పిల్లలకు కొత్త బట్టలు వచ్చినాయి కదా, మా కిస్తు మాత్రం రాలేదా?" అంటున్నాడు. ఎదురింటి వారు తలుపులు ఓరగా తెరిచి చూస్తున్నారు. లోపల ఆడపిల్లలు దీపం ఆర్పివేసి కూర్చున్నారు. నేను దగ్గరకు పోయి ముఖం చూస్తే, బస్టాండు వద్ద పండ్లు అమ్మిన నా పాత మిత్రుని కొడుకు. నన్ను చూచి తల వంచుకున్నాడు. "చాచా, నన్నేమీ అనకండి. రేపటితో నెల అయిపోతుంది" అని మాత్రం అన్నాడు. నేను అతణ్ణి పంపివేసినాను.

తరువాతి జుమా నాడు నమాజు అయిన పిమ్మట అతణ్ణి పిలిచి, టీ ఇప్పించి, కాగితం మీద లెక్క వేయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు నా చేతిలో ఉన్నది.

కాగితం మీది లెక్క

ఈ పిల్లవాడు బి.కాం. రెండవ సంవత్సరంలో చదువు మానినాడు. బ్యాంకు ఉద్యోగి కాడు. బ్యాంకు నుండి వసూలు పని తీసుకున్న ఒక ఏజెన్సీలో మనిషి. స్థిర జీతం 12,000. పెట్రోలు భత్యం 3,000. నియామక పత్రం లేదు. చిత్తూరు పట్టణంతో పాటు యాదమరి, గుడిపాల, బంగారుపాళెం మండలాలు అతనికి అప్పగించినారు. రోజుకు తక్కువలో తక్కువ 80 కిలోమీటర్లు తిరుగుతాడు. నెలకు 26 రోజులంటే 2,080 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు వచ్చినా 46 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయలంటే అది 5,000 దాటుతుంది. భత్యం పోగా మిగిలిన 2,000 తన జీతంలో నుండే పెట్టుకుంటాడు. అంటే చేతికి మిగిలేది 10,000 మాత్రమే. అందులో నుండి మోటారు సైకిలు కిస్తు 3,200 కట్టాలి. ఆ బండి లేకుంటే ఈ ఉద్యోగమే లేదు. ఒక నెల అతని బండి కిస్తు తప్పితే, అతని ఇంటికి మరొక ఏజెన్సీ పిల్లవాడు వచ్చి నిలబడినాడట. నవ్వుతూనే చెప్పినాడు గానీ, వినడానికి నాకు నవ్వు రాలేదు.

మరి ఏ ఆశతో ఈ పని చేస్తున్నాడు? ఇన్సెంటివ్ కోసం. ఆ నెల అతని జాబితాలో 180 ఖాతాలున్నవి. నెలాఖరుకు అందులో నూటికి 85 వసూలైతే 4,000 రూపాయలు ఇస్తారు. 92 దాటితే 8,000. 85కు ఒక్కటి తగ్గినా ఏమీ ఇవ్వరు. 180లో నూటికి 85 అంటే 153 ఖాతాలు. ఆనాటి రాత్రి మా సోదరి గడప ముందు నిలబడేసరికి అతనికి 152 ఖాతాలు వసూలైనాయి. ఇంకొక్కటి కావాలి. ఆమె కట్టవలసిన 2,900 రూపాయల మీద అతని 4,000 రూపాయలు వ్రేలాడుతున్నవి. ఆ కేక అతని స్వభావంలో నుండి వచ్చినది కాదు, ఈ లెక్కలో నుండి వచ్చినది.

ఇది ఒక్కని లెక్క. తరువాత తిరుపతిలో, పలమనేరులో ఇదే పని చేసే మరి కొందరిని అడిగి చూచినాను. నాకు చెప్పినవారిలో స్థిర జీతం 10,000 మొదలు 18,000 వరకు ఉన్నది. బ్యాంకు స్వంత సిబ్బందిగా ఉన్నవారు కొంత మెరుగు. ఏజెన్సీ పిల్లలు తక్కువ. కొందరికి స్థిర జీతమే లేదు, వసూలైన దానిలో కమిషన్ మాత్రమే. ఆరు నెలలలో ముగ్గురు మారిపోతారని ఒక ఏజెన్సీలో పనిచేసినవాడు చెప్పినాడు.

కమిషన్ కూడా అన్ని బాకీలకు ఒకే రీతిగా ఉండదు. బాకీ ఎంత పాతదైతే కమిషన్ అంత ఎక్కువ. ఒక కిస్తు తప్పినదానికి చాలా స్వల్పం. బ్యాంకు తన లెక్కలలో కొట్టివేసిన పాత బాకీని రాబడితే ఏజెన్సీకి నూటికి పదిహేను, ఇరవై, ఒక్కొక్కచోట అంతకు మించి ముడుతుంది. ఇక్కడ ఒక మాట. బ్యాంకు తన పుస్తకంలో కొట్టివేసినంత మాత్రాన మన బాకీ మాఫీ అయినట్లు కాదు. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు.

మూడవ కిస్తు దగ్గరపడగానే ఒత్తిడి ఎందుకు పెరుగుతుందో కూడా తెలుసుకొనవలసియున్నది. గడువు దాటి 90 రోజులు మించితే ఆ అప్పు ఎన్.పి.ఏ., అనగా నిరర్థక ఆస్తి అవుతుంది. అప్పుడు బ్యాంకు తన లాభంలో నుండి కొంత సొమ్ము ప్రక్కన పెట్టవలసి వస్తుంది. అందువల్ల పైవాడు మేనేజరును, మేనేజరు ఏజెన్సీని, ఏజెన్సీ ఈ పిల్లవాణ్ణి తొందరపెడతారు. ఆ తొందర చివరికి మన గడప దగ్గరకు చేరేసరికి బూతుమాటగా మారుతుంది.

కోర్టు అమీనాకు లేని ఆశ

మా చిన్నతనంలో కోర్టు అమీనా వీధిలోకి వస్తే అందరూ భయపడేవారు. డిక్రీ చేతిలో పెట్టుకొని సామాను జప్తు చేయడానికి వచ్చేవాడు. అయినా అతనికి చట్టం గీసిన హద్దులున్నవి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇప్పటికీ అమలులో ఉన్నది. దాని 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక సామాను, చేతిపనివాని పనిముట్లు జప్తు చేయరాదు. 62వ సెక్షన్ ప్రకారం సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు జప్తు కోసం ఇంటిలో అడుగుపెట్టరాదు. పరదా పాటించే స్త్రీ ఉన్న గదిలోకి పోవలసి వస్తే, ముందుగా ఆమెకు తెలియజేసి, ఆమె తప్పుకొనడానికి తగిన సమయం, సదుపాయం ఇవ్వవలెను.

సోదరులారా, పరాయి పాలకులు వ్రాసిన చట్టం మన తల్లుల పరదాకు ఇచ్చిన ఆ గౌరవాన్ని, ఈనాడు డిక్రీ లేనివాడు, కోర్టు ముఖం చూడనివాడు ఇవ్వడం లేదు. ఎందుకు? అమీనాకు ప్రభుత్వ జీతం. అతడు కేక వేసినా, వేయకపోయినా ఒకటవ తేదీన అదే జీతం వస్తుంది. ఒక ఇల్లాలిని ఏడిపించినందువల్ల అతని జీతం ఒక్క రూపాయి కూడా పెరగదు. ఈ పిల్లవానికి పెరుగుతుంది. అసలు వ్యత్యాసం ఇదే.

రిజర్వు బ్యాంకు ఎప్పుడో గుర్తించిన సంగతి

ఇది నా స్వంత సిద్ధాంతమేమీ కాదు. 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు, బ్యాంకులు బలవంతులను పంపి వాహనాలను లాక్కొనరాదని, చట్టబద్ధమైన మార్గంలోనే పోవలెనని తీవ్రంగా చెప్పింది. ఆ మరుసటి సంవత్సరం, 2008 ఏప్రిల్ 24న రిజర్వు బ్యాంకు రికవరీ ఏజెంట్ల గురించి బ్యాంకులకు ఒక సర్క్యులర్ పంపింది. కొన్ని బ్యాంకులు ఏజెంట్లకు కఠినమైన టార్గెట్లు పెట్టి, పెద్ద ఇన్సెంటివ్‌లు చూపుతున్నాయని, అందువల్లనే ఏజెంట్లు బెదిరింపులకు దిగుతున్నారని అందులో స్పష్టంగా ఒప్పుకున్నది. ఏజెంట్లతో చేసుకొనే ఒప్పందాలు అటువంటి ప్రవర్తనకు ప్రేరేపించేవిగా ఉండరాదని ఆదేశించింది.

ఆ సర్క్యులర్‌లోనే మనకు పనికివచ్చే మాటలు మరికొన్ని ఉన్నవి. ఏజెన్సీకి అప్పగించినప్పుడు దాని వివరాలు బ్యాంకు మనకు తెలియజేయవలెను. ఇంటికి వచ్చేవాడు గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, నోటీసు ప్రతి తన వెంట తెచ్చుకొనవలెను. ఏజెంటుకు 100 గంటల శిక్షణ, దాని తరువాత సర్టిఫికెట్ ఉండవలెను. మనం బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి ఉంటే, అది తేలేవరకు ఆ ఖాతాను ఏజెన్సీకి పంపరాదు. మా వీధి పిల్లవాణ్ణి నీ శిక్షణ ఎన్ని గంటలని అడిగితే, "మొదటి రోజు ఉదయం పాత ఏజెంటు వెనుక బండి మీద కూర్చున్నాను చాచా, మధ్యాహ్నం నుండి ఒంటరిగా పంపినారు" అన్నాడు.

2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు మళ్ళీ చెప్పింది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత వసూలు కోసం ఫోను చేయరాదు. నలుగురిలో అవమానించరాదు. బంధువులను, స్నేహితులను, పూచీ పేర్లు ఇచ్చినవారిని ఇందులోకి లాగి వేధించరాదు. చిన్న ఆదాయపు కుటుంబాలకు ఇచ్చే సూక్ష్మరుణాలకు 2022 మార్చి ఆదేశాలు ఇంకా గట్టివి. అక్కడ వేళ ఉదయం 9 నుండి సాయంత్రం 6 వరకే. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న ఒక నిర్ణీత స్థలంలో జరగవలెను. వరుసగా రెండు సార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి పోవచ్చును. ఇంటి అప్పుల కిస్తులన్నీ కలిపి నెలసరి కుటుంబ ఆదాయంలో సగానికి మించకుండా అప్పు ఇవ్వవలెనని కూడా అందులో ఉన్నది.

మన రాష్ట్రం చూచిన అనుభవం

ఆంధ్రప్రదేశ్ ప్రజలకు ఈ కథ కొత్తది కాదు. 2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ళ వేధింపులపై ఫిర్యాదులు వచ్చి, జిల్లా అధికారులు సుమారు యాభై సూక్ష్మరుణ శాఖలను మూయించినారు. నాలుగేళ్ళకు అదే మంట రాష్ట్రమంతటా అంటుకున్నది. వారం వారం మీటింగు, ఒకరు కట్టకపోతే గుంపులోని తక్కినవారు కట్టాలి, కట్టేవరకు ఎవ్వరూ లేవరాదు. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చినాయి. 2010 అక్టోబరులో రోశయ్య గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తరువాత అది చట్టమైంది. అసలును మించి వడ్డీ రాబట్టరాదని, వసూలు ఇంటి దగ్గర కాక పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో జరగవలెనని, బలవంతం చేస్తే శిక్ష ఉంటుందని నిర్ణయించింది. ఆ తరువాత రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణ సంస్థలకు ఇచ్చిన ప్రవర్తనా నియమావళిలో జీతం సంగతే మరల వచ్చింది. సిబ్బంది వేతనం ఎన్ని అప్పులిచ్చినారు, ఎంత వసూలు చేసినారు అన్నదాని మీదకంటె, ఖాతాదారులకు అందించిన సేవ మీద ఎక్కువ ఆధారపడి ఉండవలెనని చెప్పినారు.

ఆ చట్టం వచ్చిన తరువాత వసూళ్ళు ఆగి, ఆ సంస్థలలో పనిచేసిన పిల్లలు అనేకులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వారి గురించి అప్పుడు ఎవ్వరూ మాట్లాడలేదు. ఇక 2022 మే నెలలో, కేరళ, గుజరాత్ చట్టాలకు సంబంధించిన కేసులో, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్సు సంస్థలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఇప్పుడు మన చేతిలోని ప్రధాన ఆయుధం రిజర్వు బ్యాంకు నియమాలే. వాటిని మనమే చదువుకొని, మనమే అడుగవలెను.

ఫోను అప్పుల యాప్‌ల కథ కూడా ఇదే. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడి చేసినప్పుడు, అక్కడ కూర్చొని జనాన్ని తిట్టినవారు నెలజీతానికి కుదిరిన చదువుకున్న పిల్లలేనని బయటపడింది. లాభం తిన్నవాడు ఎక్కడో ఉన్నాడు. తిట్టినవాడు, తిట్లు తిన్నవాడు మాత్రం ఒకే వీధివారు.

ఇది ముస్లిముల సమస్య ఎట్లా అయింది?

అప్పు అన్ని మతాలవారికీ ఉన్నది, దానిని మతం మాటగా చేయవద్దని కొందరు నాతో అన్నారు. నిజమే. అయితే మన పరిస్థితికి ఒక ప్రత్యేకత ఉన్నది. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో, ముస్లిములు ఎక్కువగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు అప్పు ఇవ్వడానికి తగని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయని వ్రాసింది. బ్యాంకు తలుపు మూసుకుంటే, మెకానిక్కు, టైలరు, పండ్ల బండివాడు, బిర్యానీ కొట్టువాడు ఎక్కడికి పోవలెను? ఎక్కువ వడ్డీ ఫైనాన్సుకు, బంగారం తాకట్టుకు, గ్రూపు లోనుకు, చివరికి ఫోను యాప్‌కు పోతాడు.

రెండవ వైపు చూడండి. ఇంటరు, డిగ్రీ మధ్యలో మానిన మన పిల్లలకు దొరికే పనులలో ఇదొకటి. మన పిల్లవానికి ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, సరిహద్దు కావడం వల్ల తమిళం కూడా వస్తుంది. ఏజెన్సీకి ఇంతకంటె ఏమి కావాలి? మన వీధికి మన పిల్లవాణ్ణే పంపుతారు. ఏ ఇంటిలో ఎప్పుడు పెండ్లి జరిగిందో, ఎవరి కొడుకు గల్ఫుకు పోయినాడో అతనికి తెలుసు. పరాయివాడు తిడితే తలుపు వేసుకుంటాం. తెలిసినవాడు తిడితే సిగ్గుతో చస్తాం. ఆ సిగ్గుకు నెలకు 4,000 రూపాయల ధర కట్టినారు.

బాకీ తీర్చవలసినదే

నా మాటలను ఎవ్వరూ అపార్థం చేసుకొనరాదు. బాకీ ఎగవేయమని నేను చెప్పడం లేదు. మన ధర్మంలో బాకీ చాలా బరువైనది. బాకీ మిగిల్చి మరణించిన ఒకరి జనాజాకు ప్రవక్త (స) తాము నమాజు చేయించక ఆగి, ఒక సహచరుడు ఆ బాకీకి పూచీపడిన తరువాతనే చేయించినారని హదీసులలో ఉన్నది. తీర్చగలిగి కూడా వాయిదా వేయడం అన్యాయమని వారే చెప్పినారు. అదే సమయంలో, బాకీదారుడు నిజంగా ఇబ్బందిలో ఉంటే అతనికి వ్యవధి ఇవ్వమని, వదిలివేస్తే ఇంకా మేలని సూరా బఖరా బోధిస్తున్నది. ఆ తరువాత వచ్చే సుదీర్ఘమైన ఆయతులో అప్పును వ్రాతపూర్వకంగా, సాక్షులతో పెట్టుకొమ్మని ఆదేశమున్నది. జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలలో బాకీల క్రింద నలిగినవారు ఒక వర్గం.

వడ్డీ అప్పే తప్పు, అటువంటప్పుడు ఈ చర్చ ఎందుకని అడిగే పెద్దలు కూడా ఉన్నారు. వారి మాటను నేను తలకు పెట్టుకుంటాను. అయితే జకాతు సొమ్ముతో ఆ వితంతువుకు ఒక మిషను మనం కొనిచ్చి ఉంటే ఆమె అక్కడికి పోయేది కాదు. మనం చేయవలసినది చేయకుండా ఆమెకు ఫత్వా మాత్రం వినిపించడం న్యాయం కాదు.

మనం చేయగలిగినవి

మొదట కుటుంబాలకు. అప్పు ఒప్పందం ప్రతి, కట్టిన ప్రతి కిస్తుకు రసీదు ఒక సంచిలో దాచండి. చేతికి సొమ్ము ఇస్తే అక్కడికక్కడే రసీదు అడగండి. కిస్తు తప్పబోతున్నదని తెలిసిన నాడే, ఏజెంటు వచ్చేవరకు ఆగకుండా, శాఖ మేనేజరుకు కారణం చూపి వ్యవధి కోరుతూ ఒక కాగితం వ్రాసి ఇచ్చి, ప్రతి మీద ముద్ర వేయించుకొనండి. ఇంటికి వచ్చినవానిని ముందు మర్యాదగా కార్డు, అధికార పత్రం అడగండి. వేళ కాని వేళ వచ్చినా, ఫోను చేసినా తేదీ, సమయం వ్రాసి పెట్టుకొనండి. 2024 నుండి ఆలస్యానికి అదనపు వడ్డీ పేరుతో వసూలు చేయరాదు. జరిమానా రుసుము ఎంతో ముందుగా చెప్పవలెను, దాని మీద మళ్ళీ వడ్డీ కట్టరాదు. ఈ లెక్కను స్టేట్‌మెంటులో చూచుకొనండి.

వేధింపు జరిగితే మొదట బ్యాంకుకు లేక సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చును. ఇందుకు ఒక్క రూపాయి రుసుము లేదు. వకీలు అవసరం లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. 2021 నవంబరులో ప్రారంభమైన ఈ పథకంలో, మానసిక వేదనకు పరిహారం ఇప్పించే అధికారం కూడా అంబుడ్స్‌మన్‌కు ఇచ్చినారు. కొట్టినా, బెదిరించినా, బండి లాక్కున్నా అది పోలీసు స్టేషను సంగతి. అక్కడికి ఒంటరిగా పోవద్దు, కమిటీ మనిషిని వెంటబెట్టుకొని పోండి.

రెండవది, వసూలు పనిలో ఉన్న మన పిల్లలకు. మీరు ఈ సభకు వచ్చినట్లయితే వెనుక వరుసలో కూర్చొని ఉంటారు. మిమ్మల్ని తిట్టడానికి నేను రాలేదు. నియామక పత్రం అడగండి. శిక్షణ, సర్టిఫికెట్ అడగండి. సర్టిఫికెట్ ఉన్నవాడు రేపు వేరే సంస్థకు పోయినా దానికి విలువ ఉంటుంది. జీతం 21,000 లోపు ఉండి, సంస్థలో పదిమంది గాని, అంతకు మించి గాని పనిచేస్తుంటే ఇ.ఎస్.ఐ. మీ హక్కు. రోడ్ల మీద రోజంతా తిరిగే మీకు ఒక ప్రమాదం జరిగితే అదే దిక్కు. పై అధికారి ఫోనులో తిట్టమని చెబితే, ఆ మాట వాట్సాప్‌లో వ్రాసి పంపమని అడగండి. వ్రాయడు. చిక్కు వస్తే కేసు మీ మీద పడుతుంది, అతని మీద కాదు. ఇది గుర్తుంచుకొనండి.

మూడవది, మసీదు కమిటీలకు, కార్యకర్తలకు. ప్రతి మసీదు పరిధిలో తెలుగులో అర్జీ వ్రాయగల ఇద్దరిని సిద్ధం చేయండి. అందులో ఒక సోదరి తప్పక ఉండవలెను, ఎందుకంటే అప్పు కాగితాల మీద సంతకాలు ఎక్కువగా ఆడవారివే. జకాతులో కొంత భాగాన్ని బాకీదారుల కోసం ప్రత్యేకంగా తీసి ఉంచండి. ఇంటి కోసమో, కన్నబిడ్డ వైద్యం కోసమో అప్పుపడి కిస్తు తప్పినవారికి ఒకటి రెండు కిస్తులు అందిస్తే చాలు, చాలా ఇళ్ళు నిలబడతాయి. ఇక బ్యాంకులను, ప్రభుత్వాన్ని మనం అడుగవలసినది ఒక్కటే. ఇంటింటికి తిరిగి వసూలు చేసేవానికి బ్రతకదగిన స్థిర జీతం ఇవ్వండి. ఒకరి కన్నీటి మీద అతని నెలజీతం ఆధారపడే పద్ధతిని తీసివేయండి. 2008లో రిజర్వు బ్యాంకు చెప్పినదానిని అమలు చేయండి.

మా సోదరి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మరునాడే నేను అర్జీ వ్రాసి ఇచ్చినాను. ఆమె కూతురు దానిని శాఖకు తీసుకొని పోయి ముద్ర వేయించుకున్నది. రెండు తిరుగుళ్ళ తరువాత, తప్పిన రెండు కిస్తులను అప్పు చివరికి మార్చడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆమె క్రమంగా కడుతున్నది.

ఆ నెల మిత్రుని కొడుకు లెక్క 152 వద్దనే నిలిచిపోయింది. అతనికి 4,000 రూపాయలు రాలేదు. అతణ్ణి ఆ రాత్రి పంపివేసినది నేనే గనుక ఆ సంగతి నేను మరువలేదు. అతడు ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నాడు, వేరొకటి దొరకలేదు. అయితే ఇప్పుడు చీకటి పడకముందే వస్తున్నాడు, వచ్చేముందు ఫోను చేస్తున్నాడు. మా సోదరి గడప ముందు బండి నిలిపితే, సలాం చెప్పి, కార్డు చూపి, ఆ తరువాతనే కిస్తు మాట ఎత్తుతున్నాడు. ఈ మాత్రం మర్యాద అతనికి తెలియక కాదు, ఆ మర్యాదకు అతని జీతంలో చోటు లేకపోయింది. ఆ చోటు కల్పించమని అడగడం మన హక్కు. గడప లోపలున్న తల్లి కోసమూ అడుగుదాం, గడప బయట నిలబడిన పిల్లవాని కోసమూ అడుగుదాం. ఇద్దరూ మనవారే.